ఏ పెళ్ళి తోరణమో!

విశాఖపట్నం వాళ్ళకి తీరిక దొరికితే బీచికి పోతారు. తీరికతోపాటు కాస్త ఓపిక కూడా ఉంటే యారాడ పోతారు. సింధియా దాటి, కొండెక్కి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి అవతలికి దిగేసరికి ఓడరేవు చప్పుడు ఎక్కడో వెనకబడిపోతుంది. మూడు పక్కలా కొండలు, నాలుగో పక్క సముద్రం, మధ్యలో కొబ్బరి తోటలు. సంక్రాంతి వెళ్ళిన వారానికి నేనూ అలాగే పోయి అక్కడ ఇసకలో కూర్చున్నాను.

పక్కనే ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. చిక్కులు విప్పుతూ విప్పుతూ వలలోంచి ఓ పొడుగాటి తాడు లాగాడు. తీరా చూస్తే అది తోరణం! ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ముక్కోణపు జెండాలు. అన్నీ ప్లాస్టిక్కువి. నాచు పట్టింది గాని ఒక్క జెండా ఊడలేదు.

"ఏ పెళ్ళిదో బాబూ! ఆళ్ళకి ఈపాటికి పిల్లలు కూడా పుట్టేసుంటారు. ఇదింకా అరగనేదు" అన్నాడాయన.

నవ్వాను. నవ్వాక సిగ్గేసింది. ఎందుకంటే మా పెద్దమ్మాయి పెళ్ళికి అచ్చం అలాంటి తోరణాలే వంద గజాలు బేరమాడి కొన్న ఘనుణ్ణి నేనే. "వానొచ్చినా తడవవు, ఎండొచ్చినా వెలవవు" అని కొట్టతను చెబితే, సరుకంటే ఇదీ అనుకుని మురిసిపోయాను. పెళ్ళయిన మర్నాడు వాటిని ఎవరు విప్పారో, ఎక్కడ పారేశారో ఈనాటికీ నాకు తెలీదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఒకటే ప్రశ్న నన్ను పట్టుకుంది. మన పండగ అలంకారాలు పండగకంటే ఎక్కువకాలం బతకడం ఎప్పుడు మొదలెట్టాయి?

ఆలోచించగా నాకు తోచింది ఇదీ. ఏ కాలం వాళ్ళు దేనిమీద రాస్తారో దానితోనే పొట్లం కడతారు, దానితోనే పందిరి అలంకరిస్తారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, కొంచెం ఓపికపట్టి నాతో రండి.

మన పూర్వులది ఆకుల కాలం. తాటాకుమీద గంటంతో రాశారు. ఆ తాటాకుతోనే పందిరి వేశారు. మామిడాకు గుమ్మానికి కట్టారు, అరిటాకులో అన్నం తిన్నారు, మన్యంనుంచి వచ్చిన అడ్డాకులతో విస్తళ్ళు కుట్టారు, దొన్నెలో ప్రసాదం పెట్టిచ్చారు. పూలమ్మి పూలు కట్టిచ్చేదీ ఆకులోనే. పుస్తకం, పొట్లం, పందిరి మూడూ చెట్టుమీంచి దిగినవే. పండగ వెళ్ళిన మూడోనాటికి మామిడి తోరణం వాడుతుంది. పదోనాటికి గలగలమంటుంది. నెలకి పెరట్లో ఎరువైపోతుంది. పండగ వెళ్ళిపోయిందని ఎవరూ చెప్పక్కర్లేదు, గుమ్మమే చెబుతుంది.

ఆ తర్వాత కాగితం వచ్చింది. వచ్చిందంటే నిన్నా మొన్నా కాదు. చైనాలో క్రీస్తుశకం 105లో చాయ్ లున్ అనే రాజోద్యోగి చక్రవర్తికి కాగితం చేసే పద్ధతి విన్నవించాడని వాళ్ళ చరిత్ర చెబుతుంది. చెట్టు బెరడు, జనపనార, చింకిగుడ్డలు, పాత వలలు నానేసి దంచి గుజ్జు చేశాడట. చూశారా, చేపల వలకీ కాగితానికీ అప్పుడే చుట్టరికం కలిసింది! ఆ విద్య సమర్కందు మీదుగా అరబ్బులకి, వాళ్ళనుంచి పడమటికి పాకింది. 15వ శతాబ్దంలో కాశ్మీరు సుల్తాను జైనులాబిదీన్ కాలంలో మన దేశంలో బాగా కుదురుకుంది. కాగితం అన్న మాట కూడా పారశీకుల కాగజ్ నుంచి వచ్చినదే. దస్తా అన్నదీ అటునుంచి వచ్చిందే. దస్తాకి 24 ఠావులు, 20 దస్తాలయితే ఒక రీము.

మన తెలుగునాట చేతికాగితానికి పేరుపడ్డ ఊరు కరీంనగర్ ప్రాంతంలోని కోరుట్ల. నిజాం రాజ్యంలో పట్వారీలు లెక్కల దస్తరాలు రాసుకునే కాగితం అక్కడ తయారయ్యేది. గుజ్జుని నీళ్ళలో కలిపి, జల్లెడలాంటి చట్రంతో ఒక్కో ఠావూ విడివిడిగా ఎత్తి, ఆరబెట్టి, నునుపు తేల్చాలి. అంత చాకిరీ చేసిన కాగితాన్ని ఎవరూ కత్తిరించి గుమ్మానికి కట్టుకోరు గదా! అది జమాబందీకి, ఫర్మానాకి, మహా అయితే గొప్పింటి జాతకానికి. పందిరి మాత్రం ఇంకా ఆకులదే.

కాగితం పందిట్లోకి దిగడానికి మిల్లులు రావలసి వచ్చింది. 1924లో రాజమండ్రిలో కర్నాటక పేపర్ మిల్లు పెట్టారు. అదే తర్వాత ఆంధ్రా పేపర్ మిల్లు అయింది. నిజాం రాజ్యంలో సిర్పూరు పేపర్ మిల్లు 1942లో ఉత్పత్తి మొదలెట్టింది. కొత్తపేట అనే పల్లె ఆ మిల్లు పుణ్యమా అని కాగజ్‌నగరం అయి కూచుంది. కాగితం చౌకయ్యాకే కిరాణా కొట్టులో పాత పేపర్లు తూకానికి వచ్చాయి, సంతలో రంగు కాగితాలు అణాల్లోకి దిగాయి. ఒక పక్క మిల్లులు పెరుగుతుంటే, మరో పక్క గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం పెట్టించి, చేతికాగితం విద్య చచ్చిపోకూడదని పట్టుబట్టారు. 1940లో పూనాలో చేతికాగితానికి ప్రత్యేకంగా ఒక సంస్థే వెలిసింది. ఇవాళ శుభలేఖల కొట్లో గరుకుగా, అంచులు చిరిగినట్టుండే కాగితం చూపించి ఎక్కువ ధర చెబితే, అది ఆ పట్టుదలకి వారసురాలని గుర్తుపెట్టుకోండి.

కిరాణా కొట్టు శెట్టిగారి పొట్లం మీరు చూసే ఉంటారు. పేపరు ముక్కని చేతిలో శంఖంలా చుట్టి, అడుగు మడిచి, పావుకిలో కందిపప్పు పోసి, పైన మూత మడిచి, వేలాడే ఉండలోంచి పురికొస లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవారు. అంతా కలిపి మనం "ఊఁ" అనేంతసేపు. జిగురు లేదు, పిన్ను లేదు. పైగా ఆ పొట్లాలు మా ఇంటికి గ్రంథాలయం. పకోడీల పొట్లం విప్పి, నూనె మరకల మధ్య సీరియల్ నవల చదివి, కథానాయిక తలుపు తీసేసరికి ముక్క అయిపోతే, మిగతా కథ ఏ ఇంటి పకోడీలకి పోయిందో అని బెంగపెట్టుకున్న రోజులున్నాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి. అచ్చు సిరా ఒంటికి మంచిది కాదు. పేపర్లో తినుబండారాలు కట్టొద్దని 2016లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించింది కూడా. పకోడీలు ఆకులోనే తిందాం, నవల విడిగా కొనుక్కుందాం.

రంగు కాగితం పండగకి మహా సరదా తెచ్చింది. దానికి మతం పట్టింపు లేదు. ఈ సంగతి చూడాలంటే మళ్ళీ యారాడ కొండ దగ్గరికే రావాలి. ఆ కొండ కొసే డాల్ఫిన్స్ నోస్. దానికెదురుగా, ఓడరేవు ముఖద్వారానికి అవతలి పక్క, మూడు చిన్న కొండలు వరసగా ఉంటాయి. ఒకదానిమీద వేంకటేశ్వరుడి గుడి, ఒకదానిమీద దర్గా, ఒకదానిమీద మేరీమాత చర్చి. రాస్ హిల్ అంటారు దాన్ని. గుడికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో సంక్రాంతి బొమ్మల కొలువుకి మెట్ల అంచున కత్తిరించిన రంగు కాగితం కుచ్చులు. ముస్లిముల ఇళ్ళల్లో మొహర్రానికి వెదురు బద్దలమీద రంగు కాగితాలంటించి చేసే తాజియాలు. క్రైస్తవుల ఇళ్ళముందు డిసెంబరు వస్తే కాగితం నక్షత్రం, లోపల బుడ్డి దీపం, తర్వాత్తర్వాత కరెంటు బల్బు. ఆ నక్షత్రాల్లో ఒకరకం పుట్టుక తమాషాగా ఉంటుంది. 1830ల్లో జర్మనీలో నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకి క్షేత్రగణితం పాఠంగా మాస్టార్లు అలాంటివి చేయించారట. లెక్కలు రానివాడికి కూడా అలా కోణాలు తెలిసొచ్చాయన్నమాట.

ఓడరేవు ఊరు గనక మాకు ఇంకో తోరణం కూడా తెలుసు. పెద్ద సందర్భాల్లో ఓడలు కొస నుంచి కొసదాకా, తెరచాప స్తంభాల మీదుగా, రంగురంగుల సంకేత పతాకాలు కట్టుకుంటాయి. అక్షరాలవి 26, అంకెలవి 10, తక్కినవి 4, మొత్తం 40 రకాలు. 2016 ఫిబ్రవరిలో ఇక్కడ అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగినప్పుడు దేశదేశాల యుద్ధనౌకలు వాటితో వరసలు తీరి నిలబడితే, సముద్రానికే పెళ్ళిపందిరి వేసినట్టుంది. అవి గుడ్డ జెండాలు. పని కాగానే దింపి, మడతపెట్టి, అరలో దాచుకుంటారు. ఆ క్రమశిక్షణ మన పందిళ్ళకి అబ్బలేదు.

ఇక బహుమతుల సంగతి. నిజానికి బహుమానాన్ని కాగితంలో చుట్టి దాచడం మన ఆచారం కాదు. మనది చూపించే ఆచారం. సారె కావిళ్ళు వీధి వెంట వెళ్తుంటే ఎన్ని బిందెల అరిసెలో, ఎన్ని చలిమిడి ముద్దలో ఊరంతా లెక్కపెట్టాలి. పెళ్ళిలో చదివింపులు పేరు పేరునా పైకి చదవాలి. తాంబూలంలో ఆకు, వక్క, పండు కనబడాలి. మహా దాస్తే నూటపదహార్లు కవర్లో పెడతాం. అదీ కవరుమీద పేరు రాసిమరీ! శుభలేఖకి కూడా మన అలంకారం నాలుగు మూలలా నాలుగు పసుపు చుక్కలే.

మరి రంగురంగుల కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, "విప్పి చూడండి" అనే ముచ్చట ఎక్కడిది? పడమటి దేశాల్లో పూర్వం పల్చటి తెల్ల, ఎర్ర, ఆకుపచ్చ టిష్యూ కాగితాల్లోనే చుట్టేవారు. 1917లో క్రిస్మస్ ముందు అమెరికాలోని కాన్సస్ సిటీలో హాల్ సోదరుల కొట్లో ఆ టిష్యూ కాస్తా అయిపోయింది. ఏం చెయ్యాలో తోచక, కవర్ల లోపల అస్తరుగా వేసే ఫ్రెంచి పూల కాగితాల్ని బల్లమీద పరిచి, ఠావు పది సెంట్లకి అమ్మకానికి పెట్టారు. అవి క్షణాల్లో అయిపోయాయి. అలా సరుకు చాలక పుట్టిన వ్యాపారం అది. మన పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ ఆ వేడుక మెల్లిగా అలవాటైంది. తప్పేం లేదు. దాచి ఇవ్వడంలోనూ ఓ ఆనందం ఉంది, ముఖ్యంగా పిల్లలకి.

అక్కడిదాకా అంతా కాగితమే. కాగితం తడిస్తే పోతుంది, కాలిస్తే పోతుంది, చెదలు తింటే పోతుంది. పోవడం దాని మంచి గుణం. ఆ గుణాన్నే మనం లోపం అనుకున్నాం.

ఇక్కడ ఒక తేదీ నాకు విచిత్రంగా తోస్తుంది. విశాఖ ఓడరేవులోకి జలదుర్గ అనే మొదటి ఓడ ప్రవేశించింది 1933 అక్టోబరు 7న. సరిగ్గా అదే ఏడాది మార్చిలో, ఇంగ్లండులో నార్త్‌విచ్ దగ్గర ఒక ప్రయోగశాలలో, వేరే దేనికోసమో ప్రయోగం చేస్తుంటే పాత్ర అడుగున తెల్లటి మైనంలాంటి పదార్థం పేరుకుంది. అదే పాలిథిన్. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ నేను ఒకే సంవత్సరం పుట్టిన ఇద్దరు పిల్లల్ని చూసినట్టు చూస్తాను. ఒకరు సముద్రానికి ద్వారం తెరిచారు. రెండోవారు పెరిగి పెద్దయి అదే సముద్రంలో చేరారు.

అంతకుముందే స్విట్జర్లాండు వాడైన బ్రాండెన్‌బర్గర్ సెల్లోఫేన్ కనిపెట్టాడు. మనం గ్లాసుపేపరు అన్నాం. అది గలగలలాడుతుంది, మెరుస్తుంది, చెక్కగుజ్జులోంచి వస్తుంది. ఆ మెరుపుకి మన కళ్ళు అలవాటుపడ్డాక, దానికంటే చౌకగా మెరిసే ప్లాస్టిక్కు పొరలు ఆ చోటు ఆక్రమించుకున్నాయి. తోరణాలు ప్లాస్టిక్కు, పూలదండలు ప్లాస్టిక్కు, మండపం థర్మాకోలు, తాంబూలం సంచి కూడా అదే. చివరికి రాతకూడా దాని మీదికే పోయింది. వధూవరుల బొమ్మలతో వీధి మలుపులో నిలబెట్టే ఫ్లెక్సీ చూశారుగా! నా సూత్రం మళ్ళీ నిజమైంది. దేనిమీద రాస్తామో దానితోనే కట్టుకుంటాం, దానితోనే పందిరి వేస్తాం. ఆకు నెలలో పోయేది, కాగితం వానతో పోయేది. దీన్ని పంపించే దారే మనకి తెలియలేదు.

ప్రభుత్వాలకీ ఈ సంగతి తోచకపోలేదు. 2022 జులై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్కు వస్తువులు కొన్నింటిని నిషేధించారు. ఆ జాబితా చదివితే సగం మన పండగ సంచిలోవే. ప్లాస్టిక్కు జెండాలు, బెలూన్ల పుల్లలు, అలంకరణ థర్మాకోలు, మిఠాయి డబ్బాలకీ ఆహ్వానపత్రాలకీ చుట్టే పల్చటి పొర! అదే ఏడాది ఆగస్టులో ఫ్లెక్సీల నిషేధం ప్రకటన వెలువడింది మన విశాఖలోనే. అమలు తేదీ తర్వాత వాయిదా పడిందనుకోండి. ఇక జాతీయజెండాకి 2002 నాటి పతాక నియమావళి ముందే మర్యాద చెప్పింది. పండగ రోజున కాగితం జెండా పట్టుకోవచ్చు గాని, తర్వాత దాన్ని నేలమీద పారెయ్యకూడదు, గౌరవంగా చాటున సాగనంపాలి. కాగితానికి ఇంతకంటే మంచి నియమం నేనెరగను. అన్ని తోరణాలకీ అది వర్తిస్తే ఎంత బాగుండును!

చట్టం సంగతి అలా ఉంచి, మన చేతులు మరిచిపోయిన పని ఉంది గదా. మా చెల్లెలి పెళ్ళికి మా అమ్మ, వీధిలో ఆడవాళ్ళు కలిసి ఒక్క రాత్రిలో పందిరంతా కాగితంతో నింపేశారు. ఆ లెక్క నాకింకా గుర్తుంది. గాలిపటం కాగితం ఠావు 20 అంగుళాలు, 30 అంగుళాలు. దాన్ని అయిదంగుళాల చదరాలుగా మడిస్తే 24 వస్తాయి. ఒక్కో చదరాన్ని మూలనుంచి మూలకి కోస్తే 48 జెండాలు. అడుక్కి ఒకటి చొప్పున అంటిస్తే ఒక్క ఠావుతో 48 అడుగుల తోరణం! నాలుగు రంగులు నాలుగు ఠావులయితే వీధి ఈ చివరనుంచి ఆ చివరికి. జిగురు ఇంట్లోదే. మైదాపిండి నీళ్ళలో కలిపి సన్నని సెగమీద లైలా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవారు. అది విషం గనక పిల్లల్ని ఆ గిన్నె దగ్గరికి రానిచ్చేవారు కాదు. మా సముద్రగాలికి జిగురు చెమ్మగిల్లుతుందని, అమ్మ జెండా పొడుగు అంచుని దారం మీదుగా మడిచి, లోపల దారం దాగేలా అంటించేది. ఆ మడతలో ఉంది కిటుకంతా. పెళ్ళిరోజు మధ్యాహ్నం చిన్న జల్లు పడి, ఎర్రకాగితం రంగు కారి, వియ్యంకుడిగారి తెల్ల పంచెమీద గులాబీ చుక్కలు తేలాయి. ఆయన కోపగించుకోబోయి, "వసంతాలు ముందే ఆడించేశారే!" అని నవ్వేశారు. ప్లాస్టిక్కు తోరణంతో ఇలాంటి కథ ఒక్కటీ రాదు. మా అమ్మాయి పెళ్ళి తోరణాల గురించి చెప్పమంటే, "కొన్నాను" అనడం తప్ప నాదగ్గర మాట లేదు.

ఈమధ్య మా ఇంట్లో మళ్ళీ కాగితం పని మొదలైంది. కిందటేటి క్యాలెండరు కాగితం దళసరిగా ఉంటుంది. తిరగేసి మడిస్తే చక్కటి బహుమతి సంచి అవుతుంది. పిడికి పురికొస చాలు. దేవుడి బొమ్మలున్న ఠావులు మాత్రం మా ఆవిడ ముట్టుకోనివ్వదు. పుస్తకం ఇవ్వాలంటే పాత పంచె ముక్కో, జాకెట్టు గుడ్డో చుట్టి ముడేస్తే చుట్టిందికూడా బహుమానమే. కొట్లో రంగుల కాగితం కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. చిన్న ముక్కని గుప్పిట్లో నలిపి వదలండి. నలిగినట్టే ఉండిపోతే కాగితం, మళ్ళీ విచ్చుకుంటే దాన్లో ప్లాస్టిక్కు ఉన్నట్టే. తళుకు పొడి చల్లింది కూడా వద్దు. ఆ తళుకు కాగితంది కాదు.

కిందటి సంక్రాంతికి మా మనవరాలితో కలిసి రెండు ఠావుల జెండాలు కత్తిరించాం. నా వేళ్ళు అంత తిన్నగా తిరగలేదు. సగం జెండాలు చదరమూ కాక ముక్కోణమూ కాక మిగిలాయి. కనుమ నాటికి మంచుకి తడిసి రంగు వెలిసి, ముక్కనుమ నాటికి నాలుగైదు రాలాయి. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "వచ్చే ఏడు మళ్ళీ చేద్దాంలే" అన్నాను. "మళ్ళీనా!" అంది. ఆ గొంతులో విసుగు లేదు.

చెప్పడం మరిచాను. ఆ రోజు యారాడలో ఎండ వాలి నేను లేవబోతుంటే, ఆ ముసలాయన తోరణాన్ని సముద్రపు నీళ్ళలో జాడించి, నీట్‌గా చుట్టచుట్టి నా చేతికిచ్చాడు.

"మీరు ఊరోరు గదా, ఏ శుభకార్యానికైనా కట్టుకోండి బాబూ. ఇంకా బాగానే ఉంది" అన్నాడు.

పుచ్చుకున్నాను. ఏం చెయ్యాలో తెలీక ఇప్పటికీ అటకమీదే ఉంచాను. నిజమే, ఇంకా బాగానే ఉంది.